సముద్రతీరమున నైదు దినములు



మన ప్రాంతమున అరువదియేండ్లు దాటినవాడు సంచి పుచ్చుకొని బయలుదేరినచో ఎదురైనవారు అడుగు ప్రశ్న యొకటే: "ఏ పనిమీద?" పెండ్లికనియో, పరామర్శకనియో, తీర్థమునకనియో, వైద్యునికడకనియో సమాధానము చెప్పవలెను. ఈ నాల్గింటిలో దేనికిని గాక, ఊరక సముద్రమును చూచుచు కూర్చుండుటకు పోవుచున్నానని చెప్పినయెడల నమ్మువారుండరు. ఈ యేటి మాఘమాసమున నేను పెద్దాపురమునుండి భీమునిపట్నమునకు ఒంటరిగా పోయి, ఐదు దినములుండి తిరిగి వచ్చితిని. నేనచ్చట ఏదో స్థలము బేరమాడుటకు పోయితినని మా వీథి యరుగులమీద నేటికిని చెప్పుకొనుచున్నారు. స్థలమును కాదు, సంబంధమును కాదు. ఆ ప్రయాణమును నేనెట్లు ఏర్పరచుకొంటినో, పెద్ద కెరటములుగల తీరమునకు ఒంటరిగా పోవు వృద్ధుడు ముందుగా ఏమేమి తెలిసికొనవలెనో చెప్పుటకే నేడు మీ ముందునకు వచ్చితిని.

మొదట ఒక పాతసంగతి చెప్పక తప్పదు. ముప్పదియేండ్లనాడు కార్తికమాసమున మా వీథివారము ముప్పదిమందిమి బస్సు మాట్లాడుకొని సముద్రస్నానమునకు పోయితిమి. ఒక్క దినములో నాలుగు గుడులు, ఒక సముద్రస్నానము, వనభోజనము, రాత్రికి ఇల్లు. ఇది మా యేర్పాటు. దారిలో చక్రము పగిలి జాముసేపు ఆలస్యమయ్యెను. తీరము చేరునప్పటికి ఎండ నడినెత్తికి వచ్చుచున్నది. "పావుగంటలో అందరును మునిగి రావలెను" అని మాలో పెద్దరికము వహించినవాడు కేకవేసెను. ఆ కేకవేసినవాడను నేనే. కెరటములు వరుసగా తెల్లగా విరుగుచున్నవి. నడుమ ఒక్కచోట మాత్రము నీరు నున్నగా, నల్లగా, నిమ్మళముగా నుండెను. ఆడువారికిని పిల్లలకును అదియే అనువైన చోటని చూపి, ముందుగా నేనే దిగితిని. నడుములోతున నిలిచి, కన్నులు మూసికొని సంకల్పము చెప్పుకొనుచుండగా కాలిక్రింద ఇసుక జారెను. కన్నులు తెరచునప్పటికి గట్టు ఏబది గజముల దూరమున నున్నది.

నాకు ఈత రాకపోలేదు. చిన్ననాడు కాలువలలో నేర్చిన యీత. ఆ ధైర్యముతో గట్టువైపునకు తిన్నగా ఈదితిని. ఎంత యీదినను గట్టు దగ్గర కాలేదు; చేతులు మాత్రము బరువెక్కినవి. ఒడ్డున వల సరిచేసికొనుచున్న జాలరి యొకడు చూచి, పరుగున దిగి, నా జబ్బ పట్టుకొని, గట్టువైపునకు గాక ప్రక్కకు, తీరమువెంబడి లాగుకొనిపోయెను. వీనికి మతి చెడినదా యని నేననుకొంటిని. పదిబారలు పోవునప్పటికి వెనుకనుండి కెరటమొకటి వచ్చి మమ్మిద్దరిని గట్టుమీదికి త్రోసివేసెను. ఉప్పునీరు క్రక్కుకొనుచు తలయెత్తి చూచితిని. ఆ నున్నని చోటునకు పదియడుగుల దూరమున మా పెద్దకుమారుడు, అప్పటికి తొమ్మిదేండ్లవాడు, చొక్కా విప్పుకొని నిలిచియుండెను.

సముద్రుడు లాగుకొనబోయెనని అందరును అనిరి. నేనును అంటిని. ఏండ్ల తరబడి పిల్లలకు వ్యాకరణము చెప్పినవాడను, ఆ క్రియకు కర్త యెవరో విచారింపనైతిని. భయము మాత్రము మిగిలెను. ఆ తరువాత ముప్పదియేండ్లు సముద్రము కడకు పోలేదు. ఉద్యోగము విరమించిన పిమ్మట, చదువుటకు తీరిక కలిగిన పిమ్మట, ఆ కర్తను వెదకితిని. దొరికినది చెప్పెదను. ఇది తెలియక తీరయాత్ర యేర్పాటు చేసికొనుట, చెరువులోతు తెలియక గట్టునుండి దూకుట వంటిది.

దాళ్వా చేను ఈనికమీద నున్నప్పుడు గాలి వీచుట మీరందరును చూచినదే. ఒక గట్టునుండి మరియొక గట్టుదాక అల పోవును. కాని యే మొక్కయు తన కుదురు విడిచిపోదు. నడిసముద్రమునందును అంతియే. అచ్చట పోవునది కెరటము, నీరు కాదు. నీటిమీద బెండుముక్క వేసినచో అది లేచి, దిగి, గుండ్రముగా తిరిగి ఇంచుమించు తన చోటనే యుండును. మరి యీ కెరటములు ఎక్కడివి? మన తీరమున విరుగు పెద్ద కెరటములలో చాలభాగము ఇచ్చటి గాలికి పుట్టినవి కావు. భూమధ్యరేఖకు చాల దక్షిణమున, హిందూమహాసముద్రపు చివర, నిత్యము వీచు పెనుగాలులు పుట్టించిన అలలు వేలకొలది కిలోమీటర్లు నడచి, ఇంచుమించు వారము దినములకు మన బంగాళాఖాతము చేరును. అందుచేత మబ్బుతునుకైనను లేని దినమున, ఆకు కదలని దినమున గూడ కెరటములు పెద్దవిగా నుండవచ్చును. గాలి లేదు గదా యని దిగరాదు.

తీరమునకు చేరువైనకొలది లోతు తగ్గును. కెరటపు అడుగుభాగము నేలకు ఒరసికొని నడక మందగించును. పైభాగము ముందునకు తూలును. లోతు కెరటపు ఎత్తునకు ఒకటింబావు రెట్లకు దిగినచోట, కొంచెము హెచ్చుతగ్గుగా, కెరటము విరుగును. ఈ యొక్క లెక్క గుర్తున్నచో ఒడ్డున కూర్చుండియే లోతు చెప్పవచ్చును. మనిషెత్తు కెరటము విరుగుచోట నీరు మనిషెత్తునకు కొంచెము మించియుండును. కెరటము విరుగకయే సాగిపోవుచోట లోతు ఇంకను ఎక్కువ.

విరిగిన తరువాతనే నీరు నిజముగా కదలి ఒడ్డునకు వచ్చును. ఒకదానివెంట నొకటి వచ్చి పడుచుండగా, ఆ నీరంతయు ఒడ్డునకును, కొంత దూరమున నున్న ఇసుకమెరకకును నడుమ నిండును. నిండిన నీరు తిరిగి పోవలెను గదా. చేనంతయు నీరు నిండియుండగా మడవ తీసిన సంగతి తలచుకొనుడు. చేను నిశ్చలముగా కనబడును. మడవకడ మాత్రము కాలు నిలువదు. సముద్రమునందును ఇసుకమెరకకు ఎక్కడనో గండి యుండును. తిరుగునీరంతయు ఆ గండిని పట్టి లోనికి పరుగెత్తును. గండికడ లోతు ఎక్కువ కనుక కెరటము విరుగదు, నురుగు లేదు, నీరు నున్నగా, నల్లగా నుండును. ముప్పదియేండ్లనాడు నేను ఆడువారికిని పిల్లలకును ఏరి చూపినది ఆ మడవనే.

ఈ లాగుడు పది యిరువది గజముల వెడల్పున నుండవచ్చును, అంతకన్న ఎక్కువగను ఉండవచ్చును. గట్టిదైనచో సెకండునకు రెండు మీటర్లదాక పోవును. ఎంతటి యీతగాడును దానికి ఎదురీది నిలువలేడు. కాని అది మనిషిని అడుగునకు లాగదు. లోనికి మాత్రము మోసికొనిపోయి, కెరటములు విరుగు వరుస దాటిన తరువాత చాలవరకు బలము తగ్గిపోవును. అందుచేత అందు చిక్కినవాడు గట్టువైపునకు ఈదరాదు. తేలియుండి, చేయి యెత్తి కేకవేయవలెను. ఓపిక యున్నచో తీరమువెంబడి ప్రక్కకు ఈదవలెను. మడవనుండి తప్పించుకొనువాడు మడవకు ఎదురుపోడు, గట్టు ప్రక్కకు తొలగును. మునిగిపోయినవారిలో పెక్కుమంది నీటివలన గాక, ఎదురీదిన అలసటవలన పోయినవారు. నన్ను రక్షించిన జాలరికి ఇదంతయు పుస్తకము లేకయే తెలియును.

ఇది తెలిసిన తరువాత యాత్రకు కాలము నిర్ణయించుట సులభమయ్యెను. జూను మొదలు సెప్టెంబరు వరకు నైరృతిపు గాలులు, కెరటములు పెద్దవి. అక్టోబరు, నవంబరు మాసములు తుపానులవి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నముమీదనే తీరము దాటినది. మన కార్తికస్నానములు ఈ కాలముననే వచ్చుచున్నవని గమనింపుడు. పుష్యమాఘములయందు సముద్రము సంవత్సరములో కెల్ల నెమ్మదిగా నుండును. వానయు లేదు, ఉక్కయు లేదు.

మాసము కుదిరినది, ఇక తిథి. చంద్రసూర్యుల ఆకర్షణచేత దినమునకు రెండు పోట్లు, రెండు ఆట్లు కలుగును. ఒక పోటునకును మరుపోటునకును నడుమ పండ్రెండు గంటల యిరువదియైదు నిమిషములు. కావున నేటి పోటు రేపు ఏబది నిమిషములు వెనుకబడును. ఇది మనకు క్రొత్తలెక్క కాదు. చంద్రుడు తిథికి రెండు ఘడియల చొప్పున వెనుకబడునని పంచాంగము చూచు ప్రతివానికిని తెలియును. రెండు ఘడియలనగా నలువదియెనిమిది నిమిషములే గదా. పున్నమి, అమావాస్యలకు సూర్యచంద్రులు ఒకే వరుసలో నుండి లాగుదురు కనుక ఆ నాడును, తరువాతి ఒకటి రెండు దినములును పోటు హెచ్చు. విశాఖతీరమున అప్పటి పోటాట్ల అంతరము దాదాపు ఒకటిన్నర మీటరు. అష్టమినాటికి వారిద్దరును అడ్డముగా నుందురు కనుక అంతరము అందులో సగమునకు లోబడియుండును. నీరు దిగుచున్నప్పుడు, ఆటు సమయమున, గండ్లలో లాగుడు సాధారణముగా ఎక్కువ. నీరు ఎక్కుచున్నప్పుడు తక్కువ.

పర్వదినములందు తప్ప సముద్రమును తాకరాదని పెద్దలమాట. పర్వమనగా ముఖ్యముగా పున్నమియు అమావాస్యయు. పోటాట్లు హెచ్చుగా నుండునవియు ఆ దినములే. శాస్త్రమును తప్పుపట్టుట నా యభిమతము కాదు. ఆ విధి యేర్పడిన కాలమున జనులు కాలినడకను వచ్చి తీరమున రెండు మూడు దినములు విడిసెడివారు, మనవలె బస్సు ఆపి పావుగంటలో మునుగువారు కారు. నేను మాత్రము మధ్యేమార్గము వెదకితిని. మాఘశుద్ధ సప్తమి రథసప్తమి. స్నానదినమునకు స్నానదినము, పోటు తగ్గుచున్న తిథికి తిథి. చవితినాడు చేరి, అష్టమిదాక ఉండి, నవమినాడు తిరుగునట్లు నిశ్చయించుకొంటిని.

స్థలముమాట. మా పెద్దాపురమునకు దగ్గరి సముద్రము ఉప్పాడ. పిఠాపురము మీదుగ పోయిన గడియలమీద చేరవచ్చును. కాని అచ్చట సముద్రము ఏటేట గ్రామమును కోసికొనుచున్నది. ఇండ్లు, వీథులు నీటిపాలైనవి. ఒడ్డున రాళ్ళు పోసి కాపాడుకొనుచున్నారు. కెరటము ఇసుకమీదగాక రాతిమీద విరుగుచోట ముసలివానికి పనిలేదు. జమదానీ చీరలు నేయువారిని చూచుటకు ఉప్పాడ పోవలెను గాని స్నానమునకు కాదు. అంతర్వేదికడ గోదావరి కలియును. నదీముఖమున ప్రవాహము ఎటు తిరుగునో చెప్పుట కష్టము, పైగా మాఘశుద్ధమున స్వామి కల్యాణమునకు వచ్చు జనసమ్మర్దము. పూరీ దూరము. భీమునిపట్నము అన్నివిధముల నాకు నప్పినది. గోస్తనీనది సముద్రమున కలియుచోట వెలసిన చిన్నపట్టణము. పదునేడవ శతాబ్దమున డచ్చివారి వర్తకస్థానము. 1825లో ఇంగ్లీషువారి వశమైనది. 1861లోనే పురపాలకసంఘము ఏర్పడినది. ఒకనాడు ఓడలు దూరమున లంగరువేయగా, మేకులు లేక కొబ్బరినారతో పలకలు కుట్టిన పడవలు కెరటములను దాటి సరుకు చేరవేసెడివి. మేకు కొట్టిన పడవ ఆ విసురునకు నిలువదు, కుట్టినది వంగి నిలుచును. మన గోగునారకు పరదేశపు వర్తకులు పెట్టిన బిమ్లి యను పేరు ఈ యూరిదే. ఇప్పుడు ఓడలు లేవు, హడావిడి లేదు. తీరికగా నుండదలచినవానికి, వైభవము గడచిపోయిన ఊరిని మించిన ఊరు లేదు.

ఇంట చెప్పినప్పుడు మా కోడలు, "మామయ్యగారూ, మీరొక్కరే వెళ్ళి ఏం చేస్తారండీ? మీ అబ్బాయిని సెలవు పెట్టమంటాను" అనెను. "వాడు వస్తే రెండు రోజులకి రావాలమ్మా. రెండు రోజులైతే నాకు పనికిరాదు" అంటిని. ఆమెకు అర్థము కాలేదు. మా యేర్పాటునందలి కీలకము అదియే. దినము చేతనున్నవాడు, ఈ పూట సముద్రము బాగులేదా, రేపు చూతమని కూర్చుండగలడు. పావుగంట మాత్రమే యున్నవాడు ఏ సముద్రము ఎదురైన ఆ సముద్రముననే మునుగవలెను. నలుగురితో పోయినచో నలుగురి తొందరలును మన మెడకు పడును. ఒంటరివానికి సాయము లేని మాట నిజమే. కాని త్వరపెట్టువాడును లేడు.

మా కుమారుడు చాలసేపు మాటలాడలేదు. చివరకు, "నాన్నగారూ, మోకాలు దాటి దిగనని మాటివ్వండి" అనెను. ఇచ్చితిని.

సంచిలో రెండు పంచెలు, తువ్వాలు, గొడుగు, పంచాంగము, ఆరుదినములకు సరిపడ మందులు, మరి మూడు దినములకు అదనముగా. ఒక కాగితముమీద నా పేరు, వయస్సు, మందుల పేర్లు, నెత్తురు జాతి, కుమారుని ఫోను సంఖ్య వ్రాసి నీరు చొరని సంచిలో పెట్టి జేబున ఉంచుకొంటిని. ఫోనునకును అట్టిదే ఒరయొకటి. ఒక ఈల. ఈల యెందుకని నవ్వవలదు. కెరటముల హోరులో ముసలివాని గొంతు పదిగజములు వినబడదు. ఆపదలో 112 సంఖ్యకు ఫోను చేయవలెనని మా మనుమడు నేర్పెను. దినమునకు రెండుసారులు, ఉదయము తొమ్మిదింటికిని రాత్రి ఏడింటికిని, ఇంటికి మాటలాడుట నియమము. హైదరాబాదునందు భారత జాతీయ మహాసముద్ర సమాచారసేవా కేంద్రమున్నది. కెరటముల యెత్తును వారు ముందుగా తెలియజేయుదురు. అదియును మనుమడే చూపెను. చూచుచుంటిని గాని, కంటితో చూచిన దానికి అది సాయము మాత్రమే.

సామర్లకోట మాకు నాలుగైదు కిలోమీటర్లు. అచ్చట ఉదయపు బండి యెక్కి, అన్నవరము, తుని, అనకాపల్లి మీదుగ మధ్యాహ్నమునకు విశాఖ చేరితిని. అచ్చటినుండి సముద్రము ప్రక్కనే పోవు బాటను ముప్పది కిలోమీటర్లు బస్సు. బసకు గది కుదుర్చుకొనునప్పుడు నేనడిగినవి మూడే: మెట్లు ఎక్కవలెనా, వేడినీరు ఇత్తురా, ఉదయము నాలుగింటికి వాకిలి తీయుదురా. మూడవ ప్రశ్నకు వారు కొంచెము సంశయించిరి. ఎవరినో కలిసికొనుటకు కాదు, సూర్యోదయమునకు అని చెప్పి ఒప్పించితిని.

చవితినాటి సాయంకాలమును, పంచమి, షష్ఠి రెండు దినములును నేను నీటిని తాకలేదు. పడవలు లాగుచోట ఇసుకమీద తువ్వాలు పరచుకొని కూర్చుంటిని. మొదటి గంటసేపు సముద్రమంతయు ఒక్కటేగా కనబడును. కూర్చుండగా కూర్చుండగా అక్షరములు విడివడినట్లు విడివడును. లెక్కించితిని: ఒక విఘడియకు రెండో మూడో కెరటములు. వానిలో ఆరేడు చిన్నవి, తరువాత వరుసగా మూడు నాలుగు పెద్దవి, మరల చిన్నవి. చిన్నవాటిని చూచి దిగినవానిని పెద్దవి పట్టుకొనును. పావుగంట చూడక దిగరాదని అప్పుడు తెలిసినది. ఎంత పావుగంట! ఆనాడు ముప్పదిమందిని ముంచి తేల్చుటకు నేనిచ్చినదియు పావుగంటయే.

షష్ఠినాడు నా ప్రక్కన వల బాగుచేసికొనుచున్న వృద్ధుడు, నా యీడువాడే, "బాబూ, రెండు రోజులై సూత్తన్నాను, నీల్లోకి దిగరేటి?" అని అడిగెను. మడవ యెక్కడ నున్నదో చూచుకొనుచున్నానని చెప్పితిని. ఆతడు నవ్వి, చేయి చాచి, "అదిగో, ఆ నల్లగా కనబడతన్న దారి సూసారా? అక్కడ కెరటం ఇరగదు. నిన్న ఇంకా అటేపుండేది. ఇసక జరిగితే అదీ జరుగుతాది" అనెను. నేను ముప్పదియేండ్లు మోసిన ప్రశ్నకు సమాధానము అంత తేలికగా వచ్చెను. పుస్తకములో లేనిమాట యొకటి అందున్నది: గండి నిన్న ఉన్నచోట నేడు ఉండదు. నిన్నటి స్నానము నేటికి ప్రమాణము కాదు.

రథసప్తమినాడు, ఎండ వచ్చి, నీరు ఎక్కుచున్న వేళ చూచుకొని, ఆ వృద్ధుని ఒడ్డున కూర్చుండబెట్టి, తలపై జిల్లేడాకు పెట్టుకొని దిగితిని. సముద్రమునకు వీపు చూపలేదు. కెరటమునకు ఎదురుగను నిలువలేదు. ప్రక్కగా, కాళ్ళు ఎడముగా పెట్టి, కఱ్ఱ ఊతముతో నిలిచితిని. సంకల్పము కన్నులు తెరచియే చెప్పుకొంటిని. మునుగుట లేదు, చెంబుతో పోసికొంటిని. ఒక్కొక్క కెరటము వెనుకకు పోవునప్పుడు మడమల క్రింద ఇసుక జారుచున్నది. ఆ స్పర్శకు దేహము పాతభయమును గుర్తుచేసికొని వణకెను. అయినను నిలిచితిని. పండ్రెండు చెంబులు. వెలుపలికి వచ్చి, చాలసేపు మాటలాడలేకపోతిని.

ఆనాటి జాముప్రొద్దునకే వ్యానొకటి వచ్చి ఆగెను. పిల్లలతోకూడ పదునైదుమంది. ఎచ్చటినుండియో సింహాచలము పోవుచు దారితప్పించి వచ్చినవారు. వారిలో పెద్దవాడు నడుముమీద చేయివేసి తీరము కలయజూచి, నేరుగా ఆ నల్లని నున్నని చోటును వ్రేలితో చూపెను. ఆ వ్రేలు నాది! నేను కఱ్ఱ విడిచి పరుగెత్తితిని, ఈల ఊదితిని. "తాతగారూ, మాకు టైము లేదండీ, పది నిమిషాల్లో వెళ్ళిపోతాం" అని ఆయన విసుగుకొనెను. వాదింపలేదు. ఒడ్డున ఎండిన కొబ్బరికాయ డిప్ప యొకటి తీసి ఆ చోటునకు విసరితిని. మేము చూచుచుండగనే అది ఒడ్డునకు రాక, తిన్నగా లోనికి పోయి, తలకాయంతయై, గింజయంతయై, కనబడకపోయెను. ఆయన మరి మాటలాడక పిల్లలను వెనుకకు పిలిచెను. మా వృద్ధజాలరి వారిని అరువది గజములు ప్రక్కకు కొనిపోయి, మోకాలిలోతున, తాను లోతువైపున నిలిచి, స్నానము చేయించెను. పది నిమిషములు కాదు, గంటసేపు ఆడిరి.

అష్టమినాడు బస్సెక్కి ఋషికొండ పోయితిని. 2020లో అంతర్జాతీయ నీలిపతాకపు గుర్తింపు పొందిన తీరమది. అచ్చట యువకులు పొడవైన పలకలమీద బోర్లపరుండి లోనికి పోయి, కెరటము లేచునప్పుడు చటాలున లేచి నిలిచి, దాని వాలుమీద ఒడ్డుదాక జారివచ్చుచుందురు. దీనిని సర్ఫింగు అందురు. పలక తప్పిపోకుండ కాలికి త్రాడు కట్టుకొందురు. ఇది హవాయిద్వీపముల పురాతనవిద్య. ఆ ద్వీపవాసి డ్యూక్ కహనమోకు, 1912 ఒలింపిక్కులలో ఈతకు బంగారుపతకము నందినవాడు, ఆస్ట్రేలియాకు పోయి సిడ్నీతీరమున దీనిని చూపెను. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్కులలో ఈ క్రీడకు మొదటిసారి చోటు దొరకెను. మన దేశమున మంగుళూరు చెంత ముల్కియు, చెన్నపట్టణమునకు దక్షిణమున కోవళమును దీనికి పేరుపడినవి. నాకు మాత్రము క్రొత్త యనిపించలేదు. మన జాలరులు దుంగలు కలిపి కట్టిన తెప్పమీద నిలిచి, సరిగా ఆ కెరటమునే కనిపెట్టి, ఆ వాలునే పట్టి ఒడ్డున దిగెడివారు. ఇంగ్లీషువారి కటమరాను అను మాట అరవమునందలి కట్టుమరమే గదా. వారు చేపలకొరకు చేసినదానిని వీరు వేడుకకొరకు చేయుచున్నారు.

ఒక కుర్రవానిని అడిగితిని: "బాబూ, ఇన్ని కెరటాలు విరుగుతుంటే లోపలికి ఎలా పోతారు?" వాడు చూపినచోటు చూచి నాకు నవ్వు వచ్చెను. అదే నల్లని దారి. "అక్కడైతే తెడ్డు వేయక్కరలేదు తాతగారూ, అదే తీసుకుపోతుంది" అనెను. నన్ను చంపబోయిన మడవ వారికి రాజమార్గము! తెలిసి, పలక యుండి, ప్రక్కకు తొలగు నేర్పుగలవానికి అది బాట.

తక్కిన వేళలు ఎట్లు గడచినవో చెప్పుటకు పెద్దగా లేదు. డచ్చివారి శ్మశానమున పాత సమాధిరాళ్ళు చూచితిని. ఎక్కడనో చలిదేశమున పుట్టి ఇచ్చట మట్టియైనవారు. దీపస్తంభముకడ కూర్చుంటిని. పావురాలకొండమీద బౌద్ధవిహార శిథిలములున్నవని తెలిసియు మోకాళ్ళు ఒప్పుకొనలేదు. ఎఱ్ఱమట్టిదిబ్బలు మాత్రము దూరమునుండి చూచితిని. చూడనివి పెక్కు మిగిలినవి. మధ్యాహ్నములు నిద్రించితిని. ఇంటిలో నిద్రించినచో ఒంట్లో బాగులేదాయని అడుగుదురు.

నవమినాడు మరల విశాఖ, మరల సామర్లకోట. మా కుమారుడు స్టేషనునకు వచ్చెను. సంచి అందుకొని, నా పంచెవంక చూచి, ఉప్పు చారికలు మోకాలికి జానెడు పైన ఉండుట కనిపెట్టి, ముఖము చిట్లించెను. "కెరటము లేచిందిరా, నేను దిగలేదు" అంటిని. నమ్మెనో లేదో. బండిమీద కొంతదూరము పోయిన పిమ్మట, వెనుకకు తిరుగకయే, "ఆ రోజు నేను కూడా దిగేవాణ్ణే, నాన్నగారూ. మీరు పిలుస్తారని చూస్తున్నాను" అనెను. ముప్పదియేండ్లలో ఆ మాట వాడు నాతో అనుట అదే మొదలు.

మా మనుమనికి ఇప్పుడు తొమ్మిదవయేడు. వచ్చు మాఘమున తానును వత్తునని పట్టుబట్టియున్నాడు. ఇద్దరైనచో ఒంటరియాత్ర యెట్లగునని వానితో వాదించి ఓడితిని. వానికి కొబ్బరిడిప్ప విసరుట మొదట నేర్పవలెను. ఉగాదికి క్రొత్త పంచాంగము రాగానే రథసప్తమి యే వారమున పడినదో చూచి, వాని బడి సెలవులతో సరిచూచుకొనవలెను.